అమ్మ ఏ పొయ్యి మనిషి?

"ఉప్పు అడక్కు వదినా. ఇవాళ ఉప్పు కూడా అడక్కు," అంది బుల్లి, వంటింటి కిటికీలోంచి తల బయటపెట్టి.

పెరటి వరండాలో కుంపటి ముందు కూర్చుని అట్టముక్కతో విసురుతున్న వదిన చాచిన చేతిని మెల్లగా వెనక్కి తీసుకుంది.

"ఎవరడిగారు? చెయ్యి తిమ్మిరెక్కితే చాచానంతే."

"ఆ సర్వే అమ్మాయి వచ్చేసరికి నా ఉప్పు డబ్బా నీ పక్కన కనిపించిందనుకో, మన పని అయిపోయినట్టే. ఎదురింటివాళ్లకి అలాగే అయింది. పొయ్యిలు రెండున్నా నూనె సీసా ఒకటే ఉందని, ఇల్లు ఒకటేనని రాసుకుని చక్కా పోయింది."

"మరి ఉప్పులేని పప్పు చూసి, ఇది ఉత్తుత్తి వంట అని రాసుకోదూ?"

బుల్లికి నవ్వొచ్చింది. నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. వదినా మరదళ్లు నవ్వుకుంటున్న సంగతి మధ్యగదిలో ఉన్న అమ్మ చెవిని పడితే, వేరుపడిన ఇంట్లో నవ్వులేమిటని ఆమె నొచ్చుకుంటుంది. నొచ్చుకున్నా పైకి అనదు. కుంపటి ఈ ఇంట్లో అడుగుపెట్టిన పూటనుంచి అమ్మ ఎవరితోనూ మాట్లాడడం లేదు.

నదికి అవతల కాల్పులు మొదలై ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయినప్పుడు, ఇవతలికి చేరినవారిలో కొందరు గోదాముల శిబిరంలోనూ, కొందరు చుట్టాల ఇళ్లలోనూ తలదాచుకున్నారు. శిబిరంలో ఉన్నవారికి బియ్యం, పప్పు, నూనె, సబ్బు అడగకుండానే అందుతాయి. చుట్టాల ఇళ్లలో ఉన్నవారి విషయంలో సహాయ సంస్థవారు మాటలను నమ్మరు, పొయ్యిని నమ్ముతారు. వేరే పొయ్యి మీద వండుకుంటున్న కుటుంబానికి రేషన్ కార్డు ఇస్తారు. ఇంటివారి పొయ్యి మీదే తింటున్నట్లయితే, వీరిని చూసుకునే దిక్కు ఉన్నదని తీర్మానించి వెళ్లిపోతారు. ఒక్క మనిషి రెండు పొయ్యిల మీదా తిన్నప్పటికీ ఆ రెండూ ఒక పొయ్యి కిందే లెక్క.

ఈ నియమం పెట్టినవారు మంచి ఉద్దేశంతోనే పెట్టి ఉండవచ్చు. తోబుట్టువుల మధ్య రెండో పొయ్యి వెలిగితే ఏమవుతుందన్నది మాత్రం వారి ఆలోచనకు వచ్చినట్లు లేదు.

కుంపటిని చేసి తెచ్చినది బుల్లి భర్తే. అతడు బస్సుల గ్యారేజీలో మెకానిక్. వంతెన మూసేశాక అవతలి దారి బస్సులు ఆగిపోయి, అతని పని సగానికి పడిపోయింది. అయినా నది దాటి వచ్చిన అత్తగారూ, బావమరిది కుటుంబమూ తన ఇంట్లో తింటున్నారని ఒక్కనాడూ ముఖం ముడుచుకోలేదు. నియమం సంగతి తెలియగానే ఖాళీ ఇంజనాయిలు డబ్బాను కత్తిరించి, లోపల మట్టి మెత్తి, గాలి ఆడడానికి అడుగున కన్నాలు పెట్టి, మోసుకొచ్చి వరండాలో దింపి, బుల్లి వదినను చూపిస్తూ, "ఇది అక్కయ్యకి" అన్నాడు. అనడానికి ముందు కారణం చెప్పి ఉంటే ఎలా ఉండేదో గాని, అతడు కారణం తర్వాత చెప్పాడు. అప్పటికే అమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది.

ముందుగదిలో మాటలు వినిపించి బుల్లి కిటికీ వదిలి గుమ్మం దగ్గరికి వచ్చింది.

కుట్టుమిషను పక్కన ఉన్న కుర్చీలో అన్నయ్య వీధివైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. అవతలి ఊళ్లో పిండిమర నడిపిన మనిషి. కూర్చుని ఉండడం అతనికి ఇంకా అలవాటు కాలేదు. మెకానిక్ పనికి బయలుదేరుతూ చెప్పులు వెతుక్కుంటున్నాడు.

"బావా, ఒక్క మాట అడుగుతాను. ఏమీ అనుకోకు," అన్నాడు అన్నయ్య.

"అనుకోకు అన్నావంటే అనుకోవలసిందే ఏదో ఉంది. అడుగు."

"మేం నీకు బరువైతే నాతో చెప్పాలి. మా ఆవిడ చేతికి కుంపటి ఇవ్వడమేమిటి?"

"బరువని నేనన్నానా?"

"అనలేదు. చేసి చూపించావు."

"బాబోయ్! నేను చేసింది పొయ్యి బావా, గోడ కాదు. ఆ అమ్మాయి వచ్చి చూసి పోయాక దాన్ని తలకిందులు చేసి దానిమీద కూర్చుందాం. స్టూలుకి స్టూలూ దొరుకుతుంది."

"నీకన్నీ వేళాకోళాలే. నాన్న పోయినప్పుడు కూడా మా ఇంట్లో పొయ్యి వేరు కాలేదు. బాబాయిలూ పిన్నులూ అందరం ఒకటే పొయ్యి. అలాంటిది నేను చెల్లెలింటికి వచ్చి, వాళ్ల పెరట్లో వేరు కుంపటి పెట్టానంటే ఊరు ఊరంతా నవ్వుతుంది."

"ఏ ఊరు బావా? మీ ఊళ్లో ఇప్పుడు నవ్వడానికి ఎవరున్నారు?"

ఆ మాట అనవలసింది కాదని మెకానిక్కు అంటుండగానే తెలిసింది. ఒక చెప్పు కాలికీ, ఇంకో చెప్పు చేతిలోనూ ఉండగా అలాగే నిలబడిపోయాడు. అన్నయ్య వీధిలోకే చూస్తున్నాడు. బయట ఎవరో నీళ్ల డ్రమ్మును దొర్లించుకుంటూ పోతున్నారు. ఆ చప్పుడు వీధి మలుపు తిరిగింది.

"నిజమే. ఎవరూ లేరు," అన్నాడు అన్నయ్య చివరకు.

"బావా, నా ఉద్దేశం..."

"నీ ఉద్దేశం నాకు తెలుసు. నువ్వు మంచివాడివి. అదే నా బాధ. చెడ్డవాడివైతే ఎప్పుడో పోయేవాళ్లం." అతడు కుర్చీ వెనక్కి జరిపాడు. "కార్డు వస్తే ఉంటాం. రాకపోతే రేపు పొద్దున్నే శిబిరానికి వెళ్లిపోతాం. ఈ మాటకి తిరుగులేదు."

"నీ పాపని ఆ దగ్గుతోనా? ఆ రేకుల గోదాములోనా?" అంది బుల్లి గుమ్మంలోంచి.

"అక్కడా పిల్లలున్నారు. వాళ్లూ దగ్గుతున్నారు."

"వాళ్లకి మేనత్త లేదు. మా పాపకి నేనున్నాను."

"ఉన్నావనేగా కార్డు లేదంటున్నారు!"

మెకానిక్ రెండో చెప్పు కూడా వేసుకుని, బుల్లిని కళ్లతోనే వాకిట్లోకి పిలిచాడు.

"అత్తయ్యగారికి చెప్పావా?"

"చెబుతాను."

"నిన్నా ఇదే అన్నావు. ఆ పిల్ల మధ్యాహ్నం వస్తుంది. బావ పొయ్యి మీద తింటున్నానని ఆవిడ ఒక్క ముక్క చెబితే చాలు. అబద్ధం కూడా కాదు, ఇవాళ్టినుంచి అలాగే తినమను. రెండూ అన్నారో, కొంప మునిగినట్టే."

"మా అమ్మతో 'నువ్వు నా దగ్గర తినకు' అని నేనెలా చెప్పనండీ? మీరు చెప్పండి."

"నేనా! కుంపటి తెచ్చినందుకే నావైపు చూడ్డం మానేశారు. ఇంక తిండి దగ్గర కూడా నేనే చెబితే..." అతడు తల అడ్డంగా ఊపాడు. "నువ్వే చెప్పాలి. నేను భోజనానికి వచ్చేసరికి అంతా అయిపోవాలి."

అమ్మ మధ్యగదిలో కిటికీ వెలుగులో కూర్చుని, బుల్లి కుట్టిన చొక్కాలకు వదులు కుట్ల దారాలు లాగుతున్నది. ఈ ఇంటికి వచ్చిన మర్నాటినుంచి ఆ పని తనదేనన్నట్లు తీసుకున్నది. మాటలు మానేసినప్పటికీ దారాలు లాగడం మానలేదు; తిండీ మానలేదు. పొద్దున కంచం తెచ్చి వంటింట్లో బుల్లి ముందు నిలబడుతుంది. సాయంత్రం అదే కంచం పట్టుకుని వరండాలో కోడలి ముందు నిలబడుతుంది. పెట్టినది తింటుంది, కంచం తానే కడుక్కుంటుంది, వెళ్లిపోతుంది. ఆమెకు అలిగే హక్కు ఉన్నదని ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు గనుక ఎవరూ కదిలించలేదు.

బుల్లి వెళ్లి వెనక కూర్చుని, అమ్మ జుట్టు విప్పి దువ్వడం మొదలుపెట్టింది.

"అమ్మా, మధ్యాహ్నం ఒక అమ్మాయి వస్తుంది."

అమ్మ ఒక దారం లాగి వేలికి చుట్టుకుంది.

"మంచి అమ్మాయేనట. గట్టిగా మాట్లాడదట. నిన్ను కూడా ఏదైనా అడుగుతుందేమో."

అమ్మ చొక్కా తిప్పి రెండో భుజం పట్టుకుంది.

"అడిగితే..."

దువ్వెన చిక్కు దగ్గర ఆగింది. బుల్లి వేళ్లతో ఆ చిక్కు తీసింది. తీసేలోపల వెతికితే మాట దొరుకుతుందనుకుంది గాని దొరకలేదు. చిన్ననాడు జ్వరం వస్తే తనకు నోట్లో ముద్ద పెట్టిన మనిషితో, నా చేతి ముద్ద నీకు ఇక వద్దని ఏ నోటితో చెప్పాలి? పైగా వదిన బొగ్గుల మీద వండే వంట అమ్మ పంటికి గట్టిగా ఉంటుంది. మెత్తగా వండి పెట్టేది తానే. ఆ సంగతి వదినకూ తెలుసు.

"అడిగితే నువ్వేమీ మాట్లాడకపోయినా పరవాలేదులే," అంది చివరకు. "మేం చెప్పుకుంటాం."

అలా అనగానే ఆమెకు ప్రాణం తేలికపడింది. ఎలాగూ మాట్లాడడం లేదు. ఇన్నాళ్లు నోరు విప్పని మనిషి ముక్కూమొహం తెలియని పిల్ల ముందు విప్పుతుందా? అన్నయ్య చెబుతాడు, ఆ అమ్మాయి రాసుకుంటుంది, అంతటితో సరి. బుల్లి జడ అల్లి, చివర ముడివేసి, తేలిక మనసుతో లేచింది.

ఆమె ఆ రోజు చేసిన తప్పు అదే.

సర్వే అమ్మాయి వచ్చింది. నీలం రంగు కోటు, దుమ్ముకొట్టుకున్న చెప్పులు, మెడలో వేలాడే గుర్తింపు కార్డు. టీ ఇస్తానంటే వద్దన్నది.

"ఏ ఇంట్లోనూ తాగకూడదండీ మేము. ఏమీ అనుకోకండి."

ముందు వంటిల్లు చూసింది. గ్యాస్ పొయ్యి, పక్కనే సిలిండరు, అలమరలో డబ్బాలు. తర్వాత వరండాలోకి వెళ్లి వంగి, చేతి వెనకవైపును కుంపటి అంచుకు ఆనించింది. వేడిగానే ఉంది. గిన్నెల మీది మూతలు తీసి చూసింది. నూనె సీసా వేరుగా ఉందని చూసుకుంది.

"ఉప్పు ఎక్కడండీ?"

"అయిపోయింది," అంది వదిన.

"పక్కనే వంటిల్లుంది కదా, తెచ్చుకోలేదా?"

"వాళ్ల ఉప్పు మాకెందుకండీ! ఎవరి బతుకు వాళ్లది. అడిగితే మూతి ముడుస్తారు. ఎందుకొచ్చిన గొడవ?"

అది నాటకమని బుల్లికి తెలుసు. పొద్దున తామిద్దరూ నవ్వుకున్న ఉప్పే అది. అయినా మూతి ముడుస్తారన్న మాట వచ్చి ఎక్కడో తగలవలసినచోటే తగిలింది. ఆ మాట వదిన అప్పటికప్పుడు అల్లినదా, లేక చాలాకాలంగా లోపల ఉన్నదా? బుల్లి కళ్లెత్తి చూసింది. వదిన కుంపటిలో బొగ్గులు సర్దుతున్నది.

సర్వే అమ్మాయి తృప్తిగానే తల ఊపి, చేతిలోని ట్యాబులో రాసుకుంటూ మధ్యగదిలోకి వచ్చింది. పాప దగ్గుతూ తల్లి వెనకే వచ్చింది.

"మీరిద్దరూ, పాప. ముగ్గురు. మరి పెద్దమ్మగారు?"

"మా అమ్మ. మా లెక్కే," అన్నాడు అన్నయ్య తడుముకోకుండా.

"ఆవిణ్ణే అడగాలండీ. పెద్దవాళ్లను విడిగా అడగమని మాకు చెప్పారు." ఆమె అమ్మ ఎదుట మోకాళ్ల మీద కూర్చుంది. "పెద్దమ్మా, మీరు ఏ పొయ్యి మీద తింటున్నారు?"

అమ్మ చేతిలోని చొక్కా ఒళ్లో పెట్టుకుంది.

"రెండిటి మీదా," అంది.

ఇన్నాళ్ల మౌనం తర్వాత ఆ గొంతు పీలగా వస్తుందనుకున్నవారికి అది బావిలో చేద పడినంత స్పష్టంగా వినిపించింది.

"పొద్దున కూతురి పొయ్యి, సాయంత్రం కొడుకు పొయ్యి. ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ అని ఏనాడూ చూడలేదమ్మా నేను. కావాలంటే వాళ్లనే అడుగు. వాళ్లు వేరుపడ్డారు గాని, నేను వేరుపడలేదు."

తన జీవితంలోకెల్లా గౌరవమైన సంగతి ఎవరైనా పరాయివారు అడిగితే ఎలా చెబుతారో అలా చెప్పింది.

అన్నయ్య గోడకు ఆనుకున్నాడు. వదిన పాపను దగ్గరికి లాక్కుంది. సర్వే అమ్మాయి ట్యాబు మీద వేలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. దొరికిపోయినవారి ముఖంకంటే ఆమె ముఖమే ఎక్కువ చిన్నబోయింది.

"పెద్దమ్మా, జరిగింది వదిలేద్దాం. ఇవాళ్టినుంచి ఏ పొయ్యి మీద తింటారో చెప్పండి. ఏదైనా సరే, ఒకటి. అలాగే రాస్తాను."

"అయితే రెండోదాని మీద తినకూడదా?"

"తినకూడదండీ. తింటే రెండూ ఒకటే అయిపోతాయి. కార్డు ఆగిపోతుంది."

"ఒంట్లో బాగాలేనప్పుడు?"

"అప్పుడు కూడా."

"నా దగ్గర," అన్నాడు అన్నయ్య. "నా దగ్గర," అంది బుల్లి. ఇద్దరూ ఒక్కసారే అన్నారు. అని, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అన్నయ్య చూపులో కోపం ఉంది: అమ్మ తనతో ఉంటుందని ఒప్పుకున్న చెల్లెలే ఇప్పుడు అడ్డం తిరిగింది. బుల్లికి తన మాటమీద తనకే ఆశ్చర్యంగా ఉంది.

"చూశావా? చిన్నప్పుడు దుప్పటి కోసం ఇలాగే లాక్కునేవాళ్లు," అంది అమ్మ సర్వే అమ్మాయితో. "నడిమికి చిరిగితే ఇద్దరూ నా దగ్గరికే వచ్చేవాళ్లు ఏడుస్తూ." ఆమె మోకాలిమీద చేయి వేసుకుంది. "మీ శిబిరంలో ఒంటి ముసలాళ్లని ఉంచుకుంటారా?"

"ఎవరూ లేని ఆడవాళ్లకి ఒక షెడ్డు ఉందండీ."

"వంట?"

"మేమే వండి పెడతాం. అందరికీ ఒకటే పొయ్యి."

"ఒకటే పొయ్యా? అయితే మా ఇంటికంటే అదే నయం. నన్ను అక్కడ రాసెయ్యి. ఈ ఇంట్లో ఇక ఎవరి పొయ్యి వాళ్లది. నీ లెక్క కుదురుతుంది కదా?"

"అమ్మా!" అన్నాడు అన్నయ్య. "నేను బతికుండగా నువ్వు దిక్కులేనివాళ్ల షెడ్డులోనా?"

"నువ్వూ, నీ పిల్లా బతికుండాలనేరా."

సర్వే అమ్మాయి బుల్లివైపు తిరిగింది. "ఇల్లు మీది కదండీ. ఆవిడ ఈ ఇంట్లో ఉంటున్నారా, లేదా? మీరే చెప్పాలి."

ఉంటున్నదంటే రెండు పొయ్యిలూ ఒకటే అవుతాయి, అన్నయ్య రేపు పొద్దున్న పాపను ఎత్తుకుని గోదాములకు పోతాడు. లేదంటే అమ్మ ఇవాళే పోతుంది. బుల్లి వంటింటి గుమ్మంవైపూ, వరండా గుమ్మంవైపూ చూసింది. తర్వాత వంటింట్లోకి నడిచింది. ఏదో లాగిన చప్పుడు, ఏదో ఊడిన చప్పుడు. తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతిలో గ్యాస్ సిలిండరు రెగ్యులేటరు ఉంది. దాన్ని తెచ్చి సర్వే అమ్మాయి చేతిలో పెట్టింది.

"ఇదిగో, నా పొయ్యి ఆర్పేశాను. సిలిండరు మీ బండిలో వేసుకుపోండి. ఈ ఇంట్లో ఇక ఒకటే పొయ్యి, అది మా వదినది. మేమే వాళ్ల దగ్గర తింటాం. మా అమ్మా అక్కడే తింటుంది. ఇప్పుడు రాయండి."

"బుల్లీ, ఏం చేస్తున్నావే?" అంది వదిన.

"ఉప్పు నీ దగ్గరికే తెస్తున్నాను వదినా. మూతి ముడవకుండా."

వదిన తల దించుకుంది. అమ్మ బుల్లినే చూస్తున్నది.

సర్వే అమ్మాయి రెగ్యులేటరును అటూ ఇటూ తిప్పింది. "ఇలా ఇదివరకు ఎవరూ చెప్పలేదండీ. ఇంటివాళ్లే వచ్చినవాళ్ల పొయ్యి మీద తింటామని..." కాసేపు ఆలోచించింది. "నిజంగా అలాగే తింటే, వీళ్లని చూసుకునేవాళ్లు లేనట్టే. రాయొచ్చేమో. మా ఆఫీసరు ఒప్పుకోవాలి. కానీ ఒక పొయ్యికి ఒక పెద్దే ఉండాలి. ఈ ఇంటికి పెద్ద ఎవరని రాయను?"

వీధి తలుపు తెరిచే ఉంది. భోజనానికి వచ్చిన మెకానిక్ గ్రీజు చేతులను గుడ్డతో తుడుచుకుంటూ గడప దగ్గర నిలబడి ఉన్నాడు. అతడు ఎంతసేపటినుంచి అక్కడ ఉన్నాడో ఎవరూ గమనించలేదు. అతని కళ్లు ఆ పిల్ల చేతిలోని రెగ్యులేటరు మీద ఉన్నాయి.

సర్వే అమ్మాయి మళ్లీ అడిగింది. "పెద్ద ఎవరండీ?"

గోడకు ఆనుకున్న అన్నయ్య నిటారుగా నిలబడ్డాడు. పిండిమర వాకిట్లో నిలబడి పనివాళ్లతో మాట్లాడిన రోజుల్లో అతడు అలా నిలబడేవాడు.

"నేను. నన్నే రాయండి," అన్నాడు.

పాప కోసం అన్నాడో, తన కోసం అన్నాడో చెప్పడం కష్టం. అతనికే తెలిసి ఉండకపోవచ్చు.

మెకానిక్ గుడ్డను మడత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "బావ చెప్పాడు కదా, రాసుకోండి," అన్నాడు. ఇంట్లోకి అడుగుపెట్టకుండానే వెనుదిరిగాడు.

"అల్లుడు తినకుండా పోతున్నాడు," అంది అమ్మ. "పిలవండర్రా ఎవరైనా."

బుల్లి గడప దాకా పరుగెత్తి వెళ్లి, నోరు తెరిచి, ఆగిపోయింది. మొగుణ్ణి భోజనానికి పిలవాలంటే, ముందు వదినను అడగాలి.